రాత్రిబడి హాజరు

మొఖోట్లాంగ్ కొండల్లో జూలై అంటే మంచు.
పగటిబడి పిల్లలు బల్లల మీద వదిలిన వెచ్చదనం
ఏడింటికల్లా చల్లారిపోతుంది.
అప్పుడొస్తారు వీళ్ళు,
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, భుజాన దుప్పటి,
దుప్పట్లో పొగ వాసన, ఉన్ని వాసన.
కర్రలు గుమ్మానికి ఆనిస్తారు.
కుక్కలు బయటే చుట్ట చుట్టుకుంటాయి.
ముగ్గురికో కొవ్వొత్తి.
అది కరిగేలోగా ఎంత చెబితే అంతే సిలబస్.

ట్సెలిసోకి పద్నాలుగో పదహారో.
ఎప్పుడు పుట్టావంటే
"పెద్దమంచులో ఎద్దులు చచ్చిన ఏడు" అంటాడు.
నా రిజిస్టరు గడిలో రెండంకెలకే చోటు.

మొదటి వారం అడిగాను, నీ మందలో ఎన్ని?
వాడికి ప్రశ్న అందలేదు.
కళ్ళు మూసుకుని, బడిలోనే,
సాయంత్రపు దొడ్డి తలుపు దగ్గర నిలబడ్డాడు.
చెవి చీలింది వచ్చింది.
కుంటిది వచ్చింది, దాని కూతురు వచ్చింది.
వెనక్కి వెనక్కి చూసేది వచ్చింది.
ఉప్పు కోసం నా చెయ్యి నాకేది, ఇదిగో, వచ్చింది.
మిగతావాళ్ళు నవ్వారు, నవ్వి అలిసిపోయారు,
వాడింకా లోపలికి తోలుతూనే ఉన్నాడు.
చివరికి కళ్ళు తెరిచి
"అన్నీ వచ్చాయి" అన్నాడు.

మరి నీకు అంకెలెందుకురా?

దుప్పటి పిన్నీసు తీసి
లోపల్నుంచి నాలుగు మడతల కాగితం తీశాడు.
"ఏడాది కాపలాకి పన్నెండు గొర్రెలు నావని
యజమాని ఇందులో రాశాడు.
పన్నెండు ఎక్కడుందో చూడటం నేర్పు."

నేను అప్పుడే చదివేశాను.
చెప్పలేదు.
తనంతట తనే తెలుసుకోవాలని
ట్రైనింగ్ కాలేజీలో మాకు నేర్పారు కదా.
నా పిరికితనానికి అలా ఒక పద్ధతి దొరికింది.

ఎనిమిది దగ్గర రెండు వారాలు పట్టింది.
వాడి ఎనిమిది నిలబడదు, అలిసిన గొర్రెలా పక్కకి పడుకుంటుంది.
తొమ్మిది ఒక్క రాత్రిలో.
పది వచ్చిన రోజు గాలి బాగా కొట్టింది,
కొవ్వొత్తులు రెండుసార్లు వెలిగించాం.
వాడు కాగితం విప్పాడు.
వేలు పెట్టాడు. ఒకటి. పక్కన సున్న.
వేలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టాడు.
కాగితం మంటకి మరీ దగ్గరగా వంచితే
నేను చెయ్యి అడ్డం పెట్టాను.
"ఇది నా పేరేనా?"
అవునన్నాను.
"పేరు సరిగ్గానే రాశాడు" అన్నాడు.

ఆ రాత్రి ఇంక ఎవరికీ ఏమీ చెప్పలేకపోయాను.
మందకి అక్కర్లేని లెక్క
మనిషికి కావలసొచ్చింది,
దాన్ని వాడి చేతిలో పెట్టింది నేనే.

సెప్టెంబరులో, లోయలో పీచు చెట్లు పూసినప్పుడు
మసేరు నుంచి అధికారి వచ్చాడు, చేతిలో టాబ్లెట్.
పేర్లు ముప్పై ఒకటి, సరే,
రోజూ వచ్చేవాళ్ళు ఎంతమంది?
అరవై శాతం దాటితే కొవ్వొత్తుల బదులు సోలారు దీపాలట.
"ఏదో ఒక అంకె వెయ్యండి మేడమ్,
పై నుంచి కింద దాకా అన్నీ కాకిలెక్కలే" అన్నాడు,
మంచివాడే, బూట్లు తడిసి వణుకుతున్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను.
అక్షరాల మధ్య నిద్రపోయేవాడు వచ్చాడు.
కుక్కని లోపలికి రానివ్వమని బతిమాలేవాడు వచ్చాడు.
తమ్ముడి బూట్లలో వచ్చేవాడు, తమ్ముడు రాని రోజునే, వచ్చాడు.
ఎనిమిదిని పడుకోబెట్టేవాడు
కాగితం పట్టుకుని ఊరిపెద్ద కోర్టుకి దిగాడు,
రెండు రోజుల నడక,
ఇవాళ్టికి నాలుగు రోజులు.

"మొత్తం ఎంత?" అన్నాడు అధికారి,
వేలు తెర మీద ఆనించి.

"ఇంకా అందరూ రాలేదు" అన్నాను.

బయట కుక్కలు మొరిగాయి.
ఇద్దరం తలుపు వైపు చూశాం.